తెర మీద చూసిన జంతువును కాపాడేదెవరు?

2001 మే నెలలో భారత ప్రభుత్వం ఒక చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దానికీ దక్కింది. అంతకుముందు ఏ చేపకూ ఆ స్థానం లేదు. ఆ చేప పేరు తిమింగల సొర, అంటే వేల్ షార్క్. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప అదే. పన్నెండు మీటర్లు దాటి పెరుగుతుంది, నీళ్లలోని సన్నటి జీవులను వడకట్టుకుని తింటుంది, మనిషి జోలికి రాదు. గుజరాత్ తీరంలో, ముఖ్యంగా వేరావల్ చుట్టుపక్కల, 1990ల్లో దాన్ని వందల సంఖ్యలో వేటాడేవారు. కాలేయం నుంచి తీసిన నూనెను పడవల చెక్కకు పూసేవారు, మాంసం విదేశాలకు వెళ్లేది. దేశంలో చాలామందికి అలాంటి చేప ఒకటుందని కూడా తెలియదు. మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే డాక్యుమెంటరీ 2000లో ఆ వేటను కళ్లకు కట్టినట్టు చూపించింది. ఏడాది తిరిగేసరికి చట్టం మారింది. 2002లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా ఈ చేపను తన రెండో అనుబంధంలో చేర్చుకుంది.

డాక్యుమెంటరీలు మనుషుల ఆలోచన మారుస్తాయా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇలాంటి విజయాలే ముందుకొస్తాయి. అవి నిజమైన విజయాలే, అందులో అనుమానం లేదు. అయితే వన్యప్రాణుల మీద సినిమాలు, సిరీస్‌లు అర్ధ శతాబ్దానికి పైగా వస్తూనే ఉన్నాయి. కోట్లమంది చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు, పిల్లలకు చూపిస్తున్నారు. అదే కాలంలో, 1970 నుంచి లెక్కేస్తే, నడిసముద్రంలో తిరిగే సొరచేపలు, టేకు చేపల సంఖ్య 71 శాతం పడిపోయింది. చూసేవాళ్లు పెరిగినంత మాత్రాన జంతువులు పెరగలేదన్నమాట.

మరి గుజరాత్‌లో ఎందుకు పని జరిగింది? ఆ సినిమా తిమింగల సొర ఎంత గొప్ప జీవో చెప్పి ఆగలేదు. దాన్ని ఎవరు చంపుతున్నారు, ఎందుకు చంపుతున్నారు, ఆ మాంసం ఎక్కడికి పోతోంది, ఆపగలిగే చట్టంలో దాని పేరు ఎందుకు లేదు అన్నది కూడా చూపించింది. అంటే చూసిన అధికారికి ఏం చేయాలో ఇట్టే అర్థమయ్యేలా ఉంది. జంతువు అందాన్ని మాత్రమే చూపించిన సినిమాలు ఆసక్తిని పెంచాయి. హాని ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నది చూపించినవి నిర్ణయాల దాకా వెళ్లాయి. ఈ రెండింటినీ కలిపేసి 'డాక్యుమెంటరీలు అవగాహన పెంచుతాయి' అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లే అసలు విషయం మరుగున పడుతోంది.

తెలిసింది, సరే. తర్వాత?

2016లో వచ్చిన బీబీసీ వన్యప్రాణి సిరీస్ 'ప్లానెట్ ఎర్త్ 2' ప్రభావం మీద 2020లో ఒక ఆసక్తికరమైన అధ్యయనం వెలువడింది. ప్రేక్షకులను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగకుండా, ఎపిసోడ్లు ప్రసారమైన రోజుల్లో ట్విట్టర్‌లో ఏం రాశారు, వికీపీడియాలో ఏ జంతువుల పేజీలు తెరిచారు అన్నది పరిశోధకులు లెక్కగట్టారు. సిరీస్‌లో కనిపించిన జంతువుల గురించి వెతికేవాళ్లు అమాంతం పెరిగారు. ఆ పెరుగుదల సంరక్షణ కోసమే ప్రత్యేకంగా నడిపే ప్రచారాలు తెచ్చే స్పందనతో పోల్చదగినంతగా ఉంది. విచిత్రం ఏమిటంటే, ఆ సిరీస్ మొత్తం స్క్రిప్టులో సంరక్షణ గురించి మాట్లాడింది ఆరు శాతమే. ట్వీట్లలో అయితే ఆ ప్రస్తావన ఇంకా తక్కువ, ఒక్క శాతం దగ్గర. ఎక్కువసేపు తెర మీద ఉన్న జంతువు గురించి జనం ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. ఒక జీవి పేరు కూడా తెలియని మనిషి దాని గురించి వెతికి చదవడం చిన్న విషయం కాదు. ఫెర్నాండినా ద్వీపంలో అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన ఇగువానా అనే పెద్ద బల్లి పిల్ల పాముల గుంపును తప్పించుకుని పరిగెత్తే సీన్‌ను ఊపిరి బిగబట్టి చూసినవాళ్లలో కొందరైనా గాలాపగోస్ దీవుల గురించి చదివి ఉంటారు. కానీ తెర చెప్పని మాటను ప్రేక్షకుడు తనంతట తానుగా మాట్లాడడు. జంతువు ఇబ్బందుల్లో ఉందని సిరీస్ చెప్పనప్పుడు, చూసినవాళ్ల మాటల్లోనూ ఆ ఊసు రాలేదు.

మరుసటి ఏడాది, 2017 అక్టోబర్‌లో, 'బ్లూ ప్లానెట్ 2' మొదలైంది. బ్రిటన్‌లో తొలి ఎపిసోడ్‌నే దాదాపు కోటీ నలభై లక్షలమంది చూశారు. చనిపోయిన పిల్లను వదల్లేక రోజుల తరబడి మోసుకు తిరిగిన పైలట్ వేల్ దృశ్యం అందరినీ కదిలించింది. ఆ పిల్ల చావుకు సముద్రంలో కలిసిన ప్లాస్టిక్ కాలుష్యం కారణమై ఉండొచ్చని సిరీస్ సూచించింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంగ్లండ్‌లో ప్లాస్టిక్ స్ట్రాలు, కాటన్ బడ్స్ మీద నిషేధం వచ్చింది. ఇదంతా ఆ సిరీస్ పుణ్యమే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. అప్పటి పర్యావరణ మంత్రి స్వయంగా ఆ దృశ్యాలు తనను వెంటాడుతున్నాయని చెప్పారు. అయితే కాలక్రమం చూస్తే కథ కొంచెం వేరుగా ఉంటుంది. ప్లాస్టిక్ సంచులకు డబ్బులు వసూలు చేయడం ఇంగ్లండ్‌లో 2015లోనే మొదలైంది. సబ్బుల్లో, స్క్రబ్బుల్లో వాడే సన్నటి ప్లాస్టిక్ రేణువులను నిషేధించే నిర్ణయం కూడా సిరీస్ రాకముందే జరిగింది. అప్పటికే స్వచ్ఛంద సంస్థలు ఏళ్ల తరబడి ఒత్తిడి తెస్తున్నాయి. ఆ ఒత్తిడికి సిరీస్ తోడైంది, మంత్రులకు ఆ నిర్ణయం తీసుకోవడం తేలికైంది అనడం న్యాయంగా ఉంటుంది.

వ్యక్తుల స్థాయిలో ఏం జరిగిందో తేల్చుకోవడానికి పరిశోధకులు ప్రయోగశాలలోనే పరీక్ష పెట్టారు. కొందరికి 'బ్లూ ప్లానెట్ 2' ఎపిసోడ్ చూపించారు, కొందరికి చూపించలేదు. ముందూ తర్వాతా వాళ్లకు తెలిసిన విషయాలను, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పట్ల వాళ్ల ఎంపికలను పోల్చి చూశారు. ఎపిసోడ్ చూసినవాళ్లకు విషయ పరిజ్ఞానం పెరిగింది. ఎంపిక మాత్రం మారలేదు. ఇది ఒక్క ఎపిసోడ్‌తో చేసిన పరీక్ష కాబట్టి దీన్నే తుది తీర్పుగా తీసుకోనక్కర్లేదు. అయినా తెలిస్తే చాలు మనిషి మారిపోతాడు అనే ఊహ ఎంత బలహీనమైనదో దీంతో తెలుస్తుంది. ఒకరి అలవాటు మారాలంటే ప్రత్యామ్నాయం అందుబాటులో ఉండాలి, అది తేలికగా ఉండాలి, చుట్టూ ఉన్నవాళ్లూ అదే చేస్తుండాలి. ఇవేవీ సినిమా సమకూర్చలేదు.

ఇంకో చిక్కు ఉంది. వన్యప్రాణి డాక్యుమెంటరీని కోరి పెట్టుకుని చూసేవాళ్లలో చాలామందికి జంతువుల మీద ముందే ఇష్టం ఉంటుంది. చూసిన వెంటనే అడిగితే ఎవరైనా కాపాడాలనే అంటారు. ఆర్నెల్ల తర్వాత అదే మనిషి ఏం చేస్తున్నాడో వెనక్కి వెళ్లి అడిగిన అధ్యయనాలు తక్కువ. అందుకే ప్రభావం గురించి గట్టిగా చెప్పే మాటలను కాస్త జాగ్రత్తగా వినడం మంచిది.

ఫ్రేమ్ బయట ఉండిపోయినవాళ్లు

కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి అనే నిర్ణయంలోనే సంరక్షణ పట్ల ఒక వైఖరి దాగి ఉంటుంది. దీనికి పాత ఉదాహరణే బాగా పనికొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ జూ డైరెక్టర్ బెర్న్‌హార్డ్ గ్రిమెక్, ఆయన కొడుకు మైఖేల్ కలిసి 1950ల చివర్లో చిన్న విమానంలో తూర్పు ఆఫ్రికాలోని (ఇప్పటి టాంజానియా) సెరెంగెటి మైదానాల మీద తిరుగుతూ జంతువులను లెక్కబెట్టారు, మందలు ఏ కాలంలో ఎటు వలస వెళ్తాయో గుర్తించారు. 1959 జనవరిలో విమానం కూలి మైఖేల్ చనిపోయాడు. అదే ఏడాది విడుదలైన 'సెరెంగెటి షల్ నాట్ డై' ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ గెలుచుకుంది. ఆఫ్రికా వన్యప్రాణులను కాపాడటం ప్రపంచం మొత్తం బాధ్యత అనే భావన ఐరోపా ఇళ్లలోకి చేరడంలో ఆ సినిమాది పెద్ద పాత్ర. నిధులు వచ్చాయి, సెరెంగెటి పేరు అందరికీ తెలిసింది. ఈ రోజు అక్కడ వైల్డబీస్ట్‌లు లక్షల్లో వలస వెళ్లగలుగుతున్నాయంటే ఆ తరం పడిన ఆరాటం కూడా ఒక కారణం.

అదే 1959లో మసాయి పశుపాలకులను సెరెంగెటి పార్కు నుంచి పంపించేశారు. వాళ్లు గోరొంగోరో వైపు వెళ్లాల్సి వచ్చింది. అది బ్రిటిష్ వలస ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం, సినిమా వల్ల జరిగింది కాదు. కానీ మనిషి లేని అడవే అసలైన అడవి అనే చిత్రాన్ని తెర మీద చూసిన ప్రేక్షకుడికి, అక్కడ తరతరాలుగా పశువులు మేపుకున్న జనం ఉన్నారని, వాళ్లకు ఇష్టం ఉన్నా లేకపోయినా కదలాల్సి వచ్చిందని తెలిసే అవకాశం లేకుండా పోయింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు చాలా డాక్యుమెంటరీలు ఇదే దారిలో నడిచాయి. రోడ్డు, కరెంటు స్తంభం, పొలం, టూరిస్టు జీపు ఫ్రేమ్‌లోకి రాకుండా లెన్స్‌ను జాగ్రత్తగా తిప్పారు. సింహానికీ గ్రామానికీ మధ్య దూరం ఎంతో ప్రేక్షకుడికి తెలియదు. ఆ దూరమే సంరక్షణలో అన్నిటికన్నా కష్టమైన విషయం.

ఏనుగుల సంగతి చూడండి. భారత్‌లో ఏనుగుల దాడుల్లో ఏటా సుమారు 500 మంది చనిపోతున్నారు. కరెంటు తీగలు తగిలి, రైళ్లు ఢీకొని, విషం తిని ఏనుగులూ చనిపోతున్నాయి. ముదుమలై అడవిలోని తెప్పకాడు శిబిరంలో అనాథ ఏనుగు పిల్లలను సాకిన దంపతుల గురించి వచ్చిన 'ద ఎలిఫెంట్ విస్పరర్స్' 2023లో ఆస్కార్ గెలిచినప్పుడు ఆ శిబిరానికి సందర్శకుల తాకిడి పెరిగింది. అడవినే నమ్ముకున్న ఆదివాసీ కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలబెట్టడం ఆ సినిమా చేసిన చాలా మంచి పని. పాత డాక్యుమెంటరీల్లో అలాంటివాళ్లు కనిపిస్తే సామాన్లు మోసేవాళ్లుగానే కనిపించేవారు. అయితే ఆ సినిమా చూసి ఏనుగును ప్రేమించినవారికి, తన పంటను రాత్రికి రాత్రే పోగొట్టుకున్న రైతు కోపం అర్థమవుతుందా అన్నది వేరే ప్రశ్న. మనుషుల చేతుల్లో పెరిగిన పిల్ల ఏనుగు మీద కలిగే మమకారం, అడవి మంద తిరిగే దారులను ఖాళీగా ఉంచాలనే ఆలోచనగా దానంతటదే మారిపోదు. మమకారం ముందు శిబిరం గేటు దాకా తీసుకెళ్తుంది. ఏనుగు దారిలో రిసార్టు కట్టొద్దని చెప్పే దాకా తీసుకెళ్లాలంటే ఆ దారి ఎక్కడుందో, దానికి అడ్డం ఏమొచ్చిందో కూడా చూపించాలి.

ఫ్రేమ్‌లోకి ఏ జంతువులు వస్తాయన్నదీ ఇంతే ముఖ్యం. దశాబ్దాల డాక్యుమెంటరీలను పరిశీలించి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, వాటిలో ప్రస్తావించిన జీవుల్లో ప్రతి అయిదింటిలో నాలుగు వెన్నెముక ఉన్నవే. శాస్త్రం గుర్తించిన మొత్తం జీవజాతుల్లో వెన్నెముక ఉన్న జంతువుల వాటా అయిదు శాతం కూడా ఉండదు. పురుగులు, మొక్కలు, శిలీంద్రాలు అడవిని నిలబెడుతున్నా తెర మీద నేపథ్యంగానే మిగిలిపోతున్నాయి. మంచి వార్త కూడా అదే అధ్యయనంలో ఉంది: పాత డాక్యుమెంటరీలతో పోలిస్తే ఇటీవల వచ్చినవాటిలో సంరక్షణ ప్రస్తావన బాగా పెరిగింది.

అందం లేని జీవికి అభిమానులు దొరకరు. రాబందులే సాక్ష్యం. దక్షిణాసియాలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1990ల నుంచి పదిహేనేళ్లలో 99 శాతానికి పైగా పడిపోయింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో ఆ మందును నిషేధించాయి. జనం కన్నీళ్లు పెట్టుకోవడం వల్ల ఆ నిషేధం రాలేదు, చచ్చిన పక్షులను కోసి కారణం వెతికిన శాస్త్రవేత్తల వల్ల వచ్చింది. ప్రజాభిమానం మీదే ఆధారపడి సంరక్షణ నడిస్తే పులులకు, పాండాలకు నిధులు దొరుకుతాయి. రాబందులు, గబ్బిలాలు, మంచినీటి నత్తలు వంతు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి.

భయం అమ్ముడుపోతుంది

వన్యప్రాణి సినిమా ఎప్పుడూ జంతువు పక్షమే వహిస్తుందనుకోవడం పొరపాటు. ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కుస్తో 1956లో తీసిన 'ద సైలెంట్ వరల్డ్' సముద్రపు లోతులను రంగుల్లో చూపించి కేన్స్‌లో అత్యున్నత పురస్కారం గెలిచింది. అందులోనే, ఓడ తగిలి గాయపడిన తిమింగలం పిల్లను తినడానికి వచ్చిన సొరచేపలను సిబ్బంది పైకి లాగి కసితీరా కొట్టి చంపుతారు. చేపలను లెక్కించడానికి పగడపు దిబ్బల్లో డైనమైట్ పేలుస్తారు. అప్పట్లో అది ఎవరికీ పెద్దగా తప్పనిపించలేదు. తర్వాతి కాలంలో అదే కుస్తో సముద్రాల రక్షణ కోసం గొంతెత్తిన ప్రముఖుల్లో ఒకరయ్యారు. ఆ సినిమాను ఈ రోజు చూసి ప్రేక్షకులు ఉలిక్కిపడుతున్నారంటే, మధ్యలో వైఖరులు ఎంత మారాయో తెలుస్తుంది. ఆ మార్పులో తర్వాతి తరం డాక్యుమెంటరీల వాటా ఎంతో కొంత తప్పకుండా ఉంది.

కానీ భయాన్ని అమ్ముకునే పద్ధతి పోలేదు. అమెరికాలో 1988 నుంచి ఏటా నడుస్తున్న 'షార్క్ వీక్' కార్యక్రమాల్లో రెండు వందలకు పైగా ఎపిసోడ్లను పరిశీలించిన పరిశోధకులు, వాటిలో సొరచేపలను ఎక్కువగా భయం పుట్టించేలా చూపించారని, సంరక్షణ గురించి పనికొచ్చే సమాచారం అరుదని తేల్చారు. 2013లో అయితే ఏకంగా, లక్షల ఏళ్ల కిందట అంతరించిపోయిన మెగలోడాన్ అనే భారీ సొరచేప ఇంకా బతికే ఉందన్నట్టు ఒక కల్పిత కార్యక్రమాన్ని డాక్యుమెంటరీ రూపంలో ప్రసారం చేశారు. నటులను శాస్త్రవేత్తలుగా చూపించారు. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. సొరచేపలు, టేకు చేపల జాతుల్లో మూడో వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ప్రధాన కారణం మితిమీరిన చేపల వేట. భయపడే జంతువు కోసం వేట మీద ఆంక్షలు పెట్టమని అడిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

2006 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా టీవీ ప్రెజెంటర్ స్టీవ్ ఇర్విన్ ఒక డాక్యుమెంటరీ షూటింగులో స్టింగ్‌రే (తోకలో ముల్లున్న ఒక రకం టేకు చేప) ముల్లు గుండెలో దిగి చనిపోయినప్పుడు జరిగింది మరీ బాధాకరం. మొసళ్లను, పాములను ప్రేమించమని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. కొద్ది రోజులకే క్వీన్స్‌లాండ్ తీరంలో చంపి పడేసిన స్టింగ్‌రేలు కనీసం పది కనిపించాయి, కొన్నిటి తోకలు కోసేసి ఉన్నాయి. ప్రెజెంటర్ మీద పెరిగిన అభిమానం, ఆయన చెప్పిన మాట మీద అభిమానంగా మారనే లేదు కొందరిలో.

అబద్ధాల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఎలుకల్లాంటి చిన్న జంతువులైన లెమ్మింగ్‌లు గుంపులుగా కొండ మీద నుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ నమ్మకాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసిన 1958 నాటి 'వైట్ వైల్డర్‌నెస్' కోసం లెమ్మింగ్‌లను కొని తెచ్చి, కెనడాలోని ఆల్బర్టాలో ఆ దృశ్యాన్ని కావాలని సృష్టించారు. జంతువులను గట్టు మీద నుంచి తోసేశారు. ఆ సినిమాకూ ఆస్కార్ వచ్చింది. 1982లో కెనడా టీవీ కార్యక్రమం ఒకటి ఈ మోసాన్ని బయటపెట్టింది. ఇప్పటి కల్పనలు ఇంత క్రూరమైనవి కావు. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసిన దృశ్యానికి అడుగుల చప్పుడు, ఎముక విరిగే శబ్దం స్టూడియోలో కలుపుతారు. మూడు నాలుగు జంతువుల ఫుటేజ్‌ను ఒకే జంతువు కథగా అల్లుతారు. 2011లో 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగుబంటి పిల్లల దృశ్యాన్ని జూలో తీశారని తెలిసి బ్రిటన్‌లో పెద్ద రభస జరిగింది. అడవిలో మంచు గుహలోకి కెమెరా పెడితే తల్లికీ పిల్లలకూ ప్రమాదం కాబట్టి జూలో తీయడమే సరైన పని. ఆ విషయం తెర మీదే ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే రభస ఉండేది కాదు. వాతావరణ మార్పు గురించి ఆ సినిమాలే చెప్పే నిజాలను జనం నమ్మాలి కాబట్టి, ఇలాంటి చిన్న దాపరికాలు కూడా ఖరీదైనవే.

కన్నీళ్లు చాలవు

సంరక్షణ ప్రస్తావన లేకపోతే మౌనం, ఎక్కువైతే నిస్పృహ. దర్శకులు ఈ రెండింటి మధ్య నలిగిపోతుంటారు. 2019లో వచ్చిన 'అవర్ ప్లానెట్' ఈ విషయంలో ధైర్యం చేసింది. మనిషి వల్ల జరిగే హానిని ప్రతి ఎపిసోడ్‌లోనూ నేరుగా ప్రస్తావించింది. సముద్రపు మంచు తగ్గిపోవడంతో రష్యా తీరంలో ఇరుకుగా గుమిగూడిన వాల్రస్‌లు కొండ ఎక్కి, దిగలేక కిందపడి చనిపోయే దృశ్యం చూసి చాలామంది తట్టుకోలేకపోయారు. చివరికి నెట్‌ఫ్లిక్స్ సంస్థే, జంతు ప్రేమికులు చూడకుండా దాటేయాల్సిన సీన్లు ఏ నిమిషంలో వస్తాయో ట్విట్టర్‌లో చెప్పింది. చూడలేకపోవడం, చేయడానికి ఏమీ లేకపోవడం కలిసినప్పుడు మనిషి ముఖం తిప్పుకుంటాడు. అది కఠిన హృదయం వల్ల కాదు, తనను తాను కాపాడుకోవడం కోసం. మంచు కరగడాన్ని ఆపమని ఎవరిని అడగాలో ఆ ప్రేక్షకుడికి తెలియదు.

'బ్లాక్‌ఫిష్' చూసినవాళ్లకు ఆ ఇబ్బంది రాలేదు. 2013లో వచ్చిన ఆ సినిమా తిలికమ్ అనే ఒక ఓర్కా, అంటే కిల్లర్ వేల్ గురించి. దాన్ని రెండేళ్ల వయసులో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో పట్టుకున్నారు. 2010లో ఓర్లాండోలోని సీవరల్డ్ పార్కులో అది తన ట్రైనర్‌ను చంపింది. హింసకు కారణం జంతువులో లేదు, దాన్ని బంధించి ఉంచిన కొలనులో ఉందని సినిమా వాదించింది. చూసినవాళ్లు చేయగలిగిన పని స్పష్టంగా ఉంది: టికెట్ కొనకపోవడం. సందర్శకులు తగ్గారు. 2014 ఆగస్టులో కంపెనీ షేరు ఒక్కరోజులో మూడో వంతు దాకా పడిపోయింది. 2016 మార్చిలో ఓర్కాల పెంపకాన్ని ఆపేస్తున్నట్టు సీవరల్డ్ ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా ఆ పెంపకాన్ని నిషేధిస్తూ చట్టం కూడా చేసింది. డాక్యుమెంటరీ ప్రభావానికి ఇంత సూటిగా కనిపించే ఉదాహరణలు చాలా తక్కువ.

అయితే ఇక్కడ గెలిచింది బందీగా ఉన్న జంతువుల సంక్షేమం. అమెరికా, కెనడాల పసిఫిక్ తీరంలో తిరిగే దక్షిణ ఓర్కా కుటుంబాల్లో మిగిలినవి డెబ్బై పైచిలుకే. 1960లు, 70ల్లో మెరైన్ పార్కుల కోసం వాటి పిల్లలను పట్టుకెళ్లడం వల్ల ఆ కుటుంబాలు అప్పుడే దెబ్బతిన్నాయి. ఇప్పుడు వాటి ఆకలి తీర్చే చినూక్ సాల్మన్ చేపలు తగ్గిపోయాయి, ఓడల చప్పుడు పెరిగింది, నీళ్లలో రసాయనాలు చేరాయి. సాల్మన్ పెరగాలంటే నదుల మీద ఆనకట్టలు, చేపల వేట, ఓడల రాకపోకలు అన్నిటి గురించీ మాట్లాడుకోవాలి. అంత చిక్కుముడి కథకు ఒక్క విలన్ దొరకడు. టికెట్ కొనకపోవడం లాంటి ఒక్క సులువైన పనీ దొరకదు. ఒక జంతువు బాధను చూపించడం సినిమాకు సహజంగా వచ్చిన విద్య. ఒక జాతి మెల్లగా తరిగిపోవడాన్ని చూపించడం దానికి చాలా కష్టం. ప్రజల వైఖరిలో కూడా అదే అసమానత కనిపిస్తోంది.

గుజరాత్‌లో చట్టం వచ్చాక జరిగింది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. వేట నేరమైంది గానీ, వేరే చేపల కోసం వేసిన వలల్లో తిమింగల సొరలు చిక్కుతూనే ఉన్నాయి. వల కోసి దాన్ని వదిలేస్తే మత్స్యకారుడికే నష్టం. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీశాఖ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. కథకుడు మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో పోల్చి చెప్పారు. కోసిన వలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. అప్పటి నుంచి మత్స్యకారులే వందల చేపలను వలల నుంచి తప్పించి వదిలారు. చట్టాన్ని కదిలించింది సినిమా. తీరంలో మనసులను కదిలించింది మాత్రం అక్కడివాళ్లు నమ్మే గొంతు, చేతికి అందే పరిహారం.

ఈ మొత్తాన్ని ముందే లెక్కలోకి తీసుకుని నడిచిన సినిమా 'విరుంగా'. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని విరుంగా 1925లో ఏర్పడింది. ఆఫ్రికాలో అన్నిటికన్నా పాత జాతీయ పార్కు అది. ప్రపంచంలో మిగిలిన వెయ్యి పైచిలుకు కొండ గొరిల్లాల్లో దాదాపు మూడో వంతుకు అది ఇల్లు. అక్కడ చమురు కోసం బ్రిటన్ కంపెనీ సోకో అన్వేషణ మొదలుపెట్టింది. 2014 ఏప్రిల్‌లో ప్రదర్శనకు వచ్చిన ఆ సినిమా గొరిల్లాలను, ప్రాణాలొడ్డి కాపలా కాసే రేంజర్లను, లంచాల బేరాలను ఒకే కథలో పెట్టింది. అప్పటికే అంతర్జాతీయ సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆ కంపెనీ మీద ఫిర్యాదు చేసి ఉంది, ప్రచారం నడుస్తోంది. సినిమా బృందం కంపెనీలో పెట్టుబడి పెట్టినవాళ్ల దగ్గరకే వెళ్లింది. జూన్‌లో సోకో పార్కు నుంచి వెనక్కి తగ్గడానికి ఒప్పుకుంది. 2015లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన వాటాలు అమ్మేసింది. సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో కోట్లమంది ముందుకు వచ్చింది 2014 నవంబర్‌లో, అంటే కంపెనీ వెనక్కి తగ్గాకే. అంతకుముందు పని చేసింది సినిమాను సరైన గదుల్లో, సరైన మనుషులకు చూపించడమే.

2022 జులైలో కాంగో ప్రభుత్వం 27 చమురు బ్లాకులను వేలానికి పెట్టింది. వాటిలో కొన్ని మళ్లీ విరుంగా సరిహద్దుల్లోకి వచ్చాయి. రెండేళ్ల తర్వాత, 2024 అక్టోబర్‌లో, ఆ వేలాన్ని రద్దు చేశారు. ఆ రెండేళ్లూ విరుంగా పేరు కొత్త సినిమా వల్ల వార్తల్లో నిలవలేదు. స్థానిక సంఘాలు, అంతర్జాతీయ సంస్థలు వేలానికి వ్యతిరేకంగా వరసగా చేసిన ప్రచారం వల్ల నిలిచింది.